తప్పు ఫియట్‌ది కాదు, డెల్టాది

మన గోదావరి డెల్టాలో ఒక పాత ఫియట్ 1100కి జపాను టర్బో ఇంజను ఎక్కించారు. కారు అద్భుతంగా కుదిరింది. డెల్టాయే దానికి తగ్గట్టు లేదు. ఇంత జరిగినా ప్రభుత్వం నోరు మెదపకపోవడం శోచనీయం.

తెలియని కుర్రాళ్ల కోసం రెండు ముక్కలు. ఇటలీ వాళ్ల ఈ కారుని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసేది. తర్వాత పద్మిని అయింది ఇదే. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుకుంటే గానీ చేతికొచ్చేది కాదు. పాలకొల్లు, తణుకు వైపు డాక్టర్లూ రైసుమిల్లు ఆసాములూ ఇస్త్రీ చొక్కా వేసుకుంటే గానీ అందులో ఎక్కేవారు కాదు. స్పీడోమీటరు ముల్లు నలభై దాటితే వెనక సీట్లోంచి అమ్మగారు దగ్గేవారు.

అలాంటి కారుకి ఇన్నాళ్లకి ఆసామిగారి మనవడి చేతిలో మోక్షం వచ్చింది. పాత ఇంజను ఇప్పుడు గొడ్ల సావిట్లో ఉంది, దాని మీద కోడిపెట్ట గుడ్లు పెడుతోంది. దాని స్థానంలో టర్బో, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, బకెట్ సీట్లు, నేలకి జానెడు కూడా లేని ఎత్తులో బాడీ. రంగు దగ్గర ఇంట్లో పెద్ద చర్చే నడిచి, చివరికి పందెం కోడి రంగుల్లోంచి కాకిడేగ ఖాయమైంది. అందుకని ఏ రోజు ఏ రంగు కోడి గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం తిరగేసి, కాకిడేగకి గెలుపున్న రోజు చూసి స్టార్టు చేశారు. శాస్త్రం అబద్ధమాడదు, మొదటి సెల్ఫుకే అందుకుంది. ఆ చప్పుడికి వరికోత మిషను వచ్చిందనుకుని పక్క వీధి రైతులు గంటకెంతో అడగడానికి పరుగెత్తుకొచ్చారు.

అక్కడి దాకా బాగానే ఉంది. కష్టాలు రోడ్డెక్కాక మొదలయ్యాయి.

టర్బో అంటే మరేం లేదు. ఇంజను వదిలేసిన పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కిస్తుంది. ఆ చక్రం వేగం అందుకోడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది, అసలు ఊపు ఆ తర్వాతే. మన కాలవగట్టు రోడ్ల మీద ఆ క్షణం గడిచేలోపే స్పీడ్ బ్రేకరు వచ్చేస్తుంది. కాబట్టి ఊపు ఉన్న మాట నిజమే గానీ, దాన్ని కళ్లారా చూసినవాళ్లు లేరు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. రామాలయానికొకటి, బడికొకటి, సర్పంచిగారి ఇంటికి రెండు చొప్పున వెలిసిన మనవాటికి వేరే లెక్కుంది: కాంక్రీటు ఎంత మిగిలితే అంత ఎత్తు. దాని ముందు ఫియట్ ఆగుతుంది. "ఆయ్, ఒక్కసారి దిగాలండి మావయ్యగారూ" అంటాడు మనవడు. మావయ్యగారు పంచె సర్దుకుని దిగుతారు, వెనక ఇద్దరూ దిగుతారు. కారు ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నీ ఎక్కించుకుంటూ, అడుగున సైలెన్సరు కర్రుమంటుండగా అవతలికి చేరుతుంది. మళ్లీ అందరూ ఎక్కి బెల్టులు పెట్టుకునేసరికి కొబ్బరికాయల ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ దాటిపోతుంది.

అసలు దోషి ఎవరో నిర్భయంగా చెప్పాలి. కాటన్ దొర. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వించి, ఆయన నీళ్ల గురించే ఆలోచించారు. నీరు వాలు వెతుక్కుంటూ వంకర్లు పోయింది, దాని వెంట గట్టు పోయింది, గట్టు మీద రోడ్డూ పోయింది. రేపెప్పుడో ఒక ఫియట్ గంటకి 160 కిలోమీటర్లతో ఆ వంపు తిరగాల్సి వస్తుందన్న ముందుచూపు ఆ మహానుభావుడికి లేకపోయింది. మనమేమో ఊరూరా ఆయన విగ్రహాలకి దండలేస్తున్నాం.

రైతుల సంగతీ అంతే. రెండో పంట దాళ్వా కోతలు రాగానే సగం రోడ్డు ధాన్యానికి, మిగతా సగం ఆ ధాన్యానికి కాపలాగా పెట్టిన బండరాళ్లకి. వడ్లు ఎండాలా, టర్బో తిరగాలా అన్న ప్రశ్న వస్తే వీళ్లు ప్రతిసారీ వడ్ల వైపే ఉంటారు.

ఇక చట్టం. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిసూ బాడీ ఇంజనూ మార్చని బండే వింటేజ్. మన కారుకి వయసుంది, ఇంజనే వయసు తక్కువది. అనుమతి లేకుండా మార్చారా, 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ ఐదు వేలూ సైలెన్సరు ఖరీదు ముందు లెక్కలోకే రావని మనవడు ఇంట్లో నచ్చజెప్పాడు. జైలు మాట ఇంకా అమ్మమ్మగారి దాకా వెళ్లలేదు.

సమస్య చెప్పి ఊరుకుంటే కుదరదు కాబట్టి ఒక ప్రతిపాదన. దాళ్వా అయ్యాక ఏటా ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. నీళ్లుండవు, స్పీడ్ బ్రేకర్లుండవు, అడుగున ఎవరూ వడ్లు ఆరబోయరు. ఆ కొద్ది వారాలూ కాలవని ఫియట్‌కి అప్పగించాలి. పూడికా గుర్రపుడెక్కా కాస్త అడ్డమే. కానీ కారు కోసమని గట్టిగా అడిగితే, ఏటా బిల్లుల్లో జరిగే పూడికతీత ఈసారి కాలవలోనూ జరగొచ్చు.