సవరణ: పాలకు పేరొచ్చింది ఒంగోలుకు కాదు, గిర్‌కు

మన ఒంగోలు ఆవు బ్రెజిల్ వెళ్లి రోజుకు 40 లీటర్ల పాలు ఇస్తోందని, మనమే ఇక్కడ సరిగా మేపడం లేదని మొన్న రాశాను. అది తప్పు. ఎవరో పంపిన ఫొటోను సరిచూడకుండా నమ్మేశాను.

బ్రెజిల్‌లో ఒంగోలు సంతతిని నెలోర్ అంటారు. మన నెల్లూరు పేరే అది. అయితే అక్కడ దాన్ని పెంచేది ప్రధానంగా మాంసం కోసం. అక్కడ పాలకు పేరొచ్చింది మన గుజరాత్ జాతి అయిన గిర్ ఆవుకు. గిర్‌ను హోల్‌స్టీన్ అనే యూరప్ పాడి జాతితో కలిపి గిరోలాండో అనే జాతిని స్థిరపరిచారు. అందులో 5/8 హోల్‌స్టీన్, 3/8 గిర్. ఎక్కువ పాలిచ్చే గుణం హోల్‌స్టీన్ నుంచి వస్తే, ఎండనూ పిడుదులనూ తట్టుకునే గుణం గిర్ నుంచి వచ్చింది. వెన్న శాతం మాత్రం మామూలుగా హోల్‌స్టీన్ పాలలో కంటే గిర్ పాలలోనే ఎక్కువ. ఇక పాల పోటీల్లో వచ్చే రికార్డు లీటర్లు మామూలు రైతు కొట్టంలో రోజూ వచ్చేవి కావు. బ్రెజిల్‌లో ఏళ్ల తరబడి ఆవుల పాల లెక్కలు రాసుకుని, వాటిని బట్టి ఆంబోతులను ఎంచుకున్నారు. నేను ఘనతంతా మేతకే ఇచ్చేశాను.

మన దేశంలోని జాతుల అధికారిక వివరాల ప్రకారం ఒంగోలు ఆవు ఒక ఈతకు (ఈనినప్పటి నుంచి పాలు ఆగేవరకు) సగటున ఇచ్చేది 800 కిలోల లోపే. గిర్ సుమారు 2,100 కిలోలు ఇస్తుంది.

ఆ పోస్టు చూసి పాల కోసం ఒంగోలు ఆవులు కొంటామన్నవాళ్లు ఆగండి. అసలు దాని బలం దుక్కిలో, బండిలో ఉంది.