వాగు కాస్త పక్కకి జరగాలి

అమెరికా ప్రకృతి ప్రేమికుల మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. వాగు ఎక్కడ పారతానంటే వాళ్లు అక్కడే పారనిస్తున్నారు. దానివల్ల నాబోటివాడికి కారు పెట్టుకునే చోటు లేకుండా పోతోంది. రెండు కార్లకి ఇన్సూరెన్స్ కడుతున్న బాధ్యత గల మనిషిగా ఈ అన్యాయాన్ని లోకం దృష్టికి తేవడం నా ధర్మం.

నేను చెప్పేది శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దాటాక, కొండదారిలో కడుపు తిప్పే మలుపులన్నీ తిరిగాక వచ్చే మ్యూర్ వుడ్స్ అనే అడవి గురించి. ఆ చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లకి ఈ పేరు కొత్త కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే మొదటి వారం లివర్‌మోర్ గుడి, రెండో వారం వంతెన, మూడో వారం ఈ చెట్లు. నాలుగో వారానికి చూపించడానికి ఏమీ మిగలక కాస్ట్‌కో అనే గిడ్డంగి అంత దుకాణానికి తీసుకెళతాం. నిజం చెప్పాలంటే వాళ్లకి అదే బాగా నచ్చుతుంది.

చెట్ల సంగతి ఒప్పుకోవాల్సిందే. రెడ్‌వుడ్లు. బాగా ఎత్తయినవి 250 అడుగుల పైమాటే. చాలావాటికి ఐదు నుంచి ఎనిమిది వందల ఏళ్లు, పెద్దదానికి 1,200 దాటాయట. అంటే నన్నయగారు భారతం మొదలుపెట్టేనాటికే అది వయసొచ్చిన చెట్టు. లోయ అడుగున ఆ చెట్ల పాదాలు తడుపుతూ రెడ్‌వుడ్ క్రీక్ అనే వాగు పారుతుంది. పేరు ఘనం కానీ, ఎండాకాలంలో చూస్తే మా ఊరి పంటకాలువే నయం. దాటాలంటే పంచె కూడా ఎగ్గట్టక్కర్లేదు. ఇంత వాగు కోసం అంత గొడవ!

లోయ ఇరుకు. చెట్లకీ వాగుకీ పోగా మిగిలిందే పార్కింగ్. పాత రోజుల్లో జనానికి బాధ ఉండేది కాదు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వచ్చేవారు. స్థలం నిండిపోతే రోడ్డు వారన, మైలు పొడవునా, రెండు చక్రాలు తారు మీద, రెండు చక్రాలు వాగు గట్టు మీద పెట్టి వెళ్లేవారు. గట్టు కాస్త కాస్త విరిగి వాగులో పడేది. ఏటా పది లక్షల మందికి పైగా వచ్చేచోట అంత మాత్రం మట్టి రాలదా? దానికి ఓర్వలేక 2018 జనవరి నుంచి కారుకి ముందస్తు రిజర్వేషన్ తప్పనిసరి చేశారు. అప్పట్లో 8 డాలర్లు. కారు వద్దనుకుంటే షటిల్ బస్సు ఉంది. దానికీ రిజర్వేషనే.

మూడు నెలల ముందే స్లాట్లు తెరుస్తారు. మనకిది కొత్తేం కాదు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ల కోసం నాలుగు ఫోన్లు ముందేసుకుని కూర్చున్న జాతి మనది. కానీ తిరుమలలో క్యూలో నిలబడేది దేవుడి కోసం. ఇక్కడ కారు క్యూ కట్టేది ఒక చేప కోసం. ఆ మాట తెలిసిన రోజున నా మనసు విరిగిపోయింది.

ఆ చేప పేరు కోహో సాల్మన్. వాగు అడుగున గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి పుడుతుంది. గుడ్డు నాటి నుంచి లెక్కేస్తే దాదాపు ఏడాదిన్నర ఆ వాగులోనే ఉంటుంది. గమనించండి, ఏడాదిన్నర, ఒకేచోట. నాకు కొన్ని గంటలకి డబ్బు అడిగే చోట, చేప ఒక్క సెంటు కట్టకుండా ఏడాదిన్నర పార్క్ చేసి కూర్చుంటుంది. టో చేసేవాడు రాడు, టికెట్టు పెట్టేవాడు లేడు. ఆ తర్వాత సముద్రంలోకి పోయి, మరో ఏడాదిన్నర బలిసి, శీతాకాలపు వానలకి వాగు పొంగినప్పుడు సరిగ్గా పుట్టిన చోటుకే ఎదురీదుకుంటూ వచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తిరుగు ప్రయాణం లేదు కాబట్టి బయటికి పోయే దారిలో జామ్ ఉండదన్నది ఒక్కటే దాని పక్షాన చెప్పదగ్గ మంచిమాట.

ఇదంతా మా మామయ్యగారికి వివరంగా చెప్పాను. ఆయన ధవళేశ్వరం దగ్గర ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి. నాతోపాటు ఆయన కూడా మండిపడతారని ఆశపడ్డాను.

"అంటే పులసన్నమాట," అన్నారు.

"పులస కాదండీ, సాల్మన్."

"పేరేదైతే ఏముందండీ అల్లుడుగారూ. సముద్రంలోంచి ఏటికి ఎదురీదే చేప ఎక్కడైనా పులసే. పుస్తెలమ్మైనా తినాలన్నారు. వీళ్లు పార్కింగ్ మానుకుని చూసుకుంటున్నారు. తినరా మరి?"

తినరు, పట్టడమే నేరం, దాని జాతి అంతరించిపోయేవాటి జాబితాలో ఉంది అన్నాను. కొన్నేళ్ల కింద పిల్లచేపల్ని వాగులోంచి పట్టుకెళ్లి హేచరీలో పెంచి, పెద్దయ్యాక తెచ్చి మళ్లీ ఇదే వాగులో వదిలారని కూడా చెప్పాను. మామయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. మనవాళ్లు పిల్లల్ని హాస్టల్లో వేసి పెంచుతారు కదా, అదే పద్ధతి అని చివరికి సమాధానపడ్డారు.

ఇక నా కారు మీద వేసిన అసలు నింద. 2020 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రపు శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. టైరు రబ్బరు త్వరగా పగుళ్లివ్వకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అనే మరో పదార్థంగా మారుతుంది. రోడ్ల మీదా పార్కింగుల్లోనూ అరిగిన టైరు పొడిలో ఉన్న ఆ పదార్థం వానకి కొట్టుకుపోయి వాగులో కలుస్తుంది. కోహో చేప కొద్ది గంటల్లో చచ్చిపోతుంది. అదీ లీటరు నీళ్లలో ఒక మైక్రోగ్రాము కూడా అక్కర్లేకుండా. దీని దగ్గరి చుట్టమే అయిన చమ్ సాల్మన్ మాత్రం అదే నీళ్లలో ఈదుతూ నిక్షేపంగా ఉంటుంది. కాబట్టి నేను అడిగేది న్యాయమైన ప్రశ్న: లోపం టైరులో ఉన్నట్టా, కోహోలో ఉన్నట్టా?

చేప రావడానికి ఎదురుచూసేదీ వాన కోసమే. నా టైరు పొడి వాగులోకి దిగేదీ ఆ వానతోనే. ఇద్దరికీ ఒకటే ముహూర్తం. ఆ నీటిని ఇసుకా కంపోస్టూ కలిపిన మట్టిలోంచి వడగట్టి వదిలితే చేప బతుకుతుందని కూడా శాస్త్రవేత్తలే తేల్చారు. అయితే ఆ మట్టితొట్టికి చోటు కావాలి. చోటు ఎక్కడుంది? పార్కింగులోనే ఉంది. చూశారా కుట్ర!

అసలీ పేచీ ఇవాళ్టిది కాదు. 1905లో విలియం కెంట్, ఎలిజబెత్ అనే దంపతులు 45,000 డాలర్లు పోసి ఇక్కడ 611 ఎకరాలు కొన్నారు. రెండేళ్లకి ఒక నీళ్ల కంపెనీ వచ్చి, వాగుకి అడ్డంగా ఆనకట్ట వేసి లోయని చెరువు చేస్తాం, భూమి ఇప్పించండని కోర్టుకెక్కింది. కెంట్ తెలివైనవాడు. 295 ఎకరాలు కేంద్ర ప్రభుత్వానికి దానం రాసిచ్చేశాడు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని రక్షిత స్థలంగా ప్రకటించాడు. మీ పేరే పెడదామంటే దాత వద్దని, అడవుల కోసం పోరాడిన ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ పేరే ఉండనివ్వమన్నాడు. బస్టాండులో సిమెంటు బల్ల ఇచ్చినా వీపు ఆనించే చోట వంశవృక్షం రాయించుకునే దాతల నడుమ పెరిగినవాణ్ణి. ఆ కథ నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.

ఆ కెంటే తర్వాత కాంగ్రెస్ సభ్యుడై, 1913లో యోసెమిటీ జాతీయ పార్కులోని హెచ్ హెచీ లోయని ముంచే ఆనకట్టకి మద్దతిచ్చాడు. ఆ లోయ కోసం జాన్ మ్యూర్ ఏళ్ల తరబడి పోరాడి ఓడిపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కో కుళాయిల్లో వచ్చే నీళ్లు చాలావరకు అక్కడివే. కాబట్టి ఒక లోయని కాపాడినవాడికి మరో లోయ ముంచుకునే వెసులుబాటు ఉంటుందన్నది ఈ నేల మీద స్థిరపడిన సంప్రదాయం. నేనూ ఏటా పర్యావరణ దినోత్సవం నాడు తులసిమొక్క ఫొటో పెడుతున్నాను. ఆ లెక్కన నాకు కనీసం ఒక స్లాటు బాకీ ఉన్నారు.

ఆ రోజుల్లో కార్ల ఊసు లేదు. పడవలో వచ్చి రైలెక్కి కొండమీదకి పోయి, అక్కణ్ణుంచి ఇంజిను లేని పెట్టెల్లో వాలు మీద దొర్లుకుంటూ లోయలోకి దిగేవారు. ఆ రైలు 1930లో మూతపడింది. 1937లో వంతెన తెరుచుకుంది. ఆ తర్వాతి కథ మీకూ నాకూ తెలుసు, ఆ మలుపుల్లో మన ముందు పోయే కారుకీ తెలుసు.

1930లలో ప్రభుత్వం వాగుని కాస్త దారిలో పెట్టింది. గట్లు కోసుకుపోకుండా కూలీల చేత రెండువైపులా రాళ్లు పేర్పించి తిన్నగా పరిగెత్తించింది. అది నాగరికత. తీరా 2019లో, తిన్నగా పారే వాగులో చేపపిల్లలకి తలదాచుకునే మడుగులు ఉండవని చెప్పి, ఆ రాళ్లు పీకించి, వాగులో అడ్డంగా దుంగలు పడేయడం మొదలుపెట్టారు. ఈ ముక్క విన్నప్పుడు మాత్రం మామయ్యగారు నిలబడిపోయారు.

"రివిట్‌మెంట్ పీకేశారా? బాగున్న రివిట్‌మెంటే?"

"అవునండీ."

"ఎవడు సస్పెండయ్యాడు?"

ఎవరూ కాలేదని, పైగా అందరూ మెచ్చుకున్నారని చెబితే ఆయన నమ్మలేదు. వేసిన కాంట్రాక్టరూ పీకిన కాంట్రాక్టరూ ఒకడేనేమో కనుక్కోమన్నారు.

ఇంతకంటే ఘోరం కింద సముద్రం ఒడ్డున జరిగింది. ఈ వాగు మ్యూర్ బీచ్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి పార్కింగ్ వరదనీటికి అడ్డంగా ఉందని 2009లో మొదలుపెట్టిన పనుల్లో ఆ పార్కింగ్‌నే పక్కకి తిప్పి, వాగుకి దారిచ్చారు. నీళ్ల కోసం తారు తప్పుకుంది! నేను పెరిగిన శాస్త్రం ప్రకారం ఇది పూర్తిగా తిరగేసిన వ్యవహారం.

మ్యూర్ వుడ్స్‌కి రక్షణ వచ్చిన 1908లోనే, సెప్టెంబరు 28న, మూసీ హైదరాబాదుని ముంచింది. నిజాం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించాడు, తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1996లో వాటి చుట్టూ పది కిలోమీటర్లు పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ కూడదని 111 జీవో తెచ్చాం. 2022లో 69 జీవో తెచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నాం. ఇచ్చిన చేత్తోనే తీసుకోవడమంటే అదీ. ఇక నాలాల మాటకొస్తే మన పద్ధతి శ్రేష్ఠం: పైన స్లాబు వేసేస్తాం, స్లాబు మీద బండ్లు పెడతాం. కింద వాగుందో లేదో బండికి తెలీదు, పైన బండుందో లేదో వాగుకి తెలీదు. ఎవరి మనసూ నొచ్చుకోదు. 2020 అక్టోబరు వానలకి కార్లు వాటంతట అవే కొట్టుకొచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కిన దృశ్యాలు టీవీలో చూశాం. పైసా ఖర్చు లేకుండా మల్టీలెవెల్ పార్కింగ్. కాలిఫోర్నియాలో ఎన్ని డాలర్లు పోసినా ఆ వేగం రాదు.

కాబట్టి వాగు మీద స్లాబు వెయ్యాలి. స్లాబు మీద నాలుగు వందల కార్లు పట్టాలి, ఎలక్ట్రిక్ కార్లకి ఛార్జింగ్ కూడా ఉండాలి, ఎందుకంటే మనం పర్యావరణ స్పృహ ఉన్నవాళ్లం. చేపలకి అభ్యంతరం ఉంటే షటిల్ ఎక్కాలి, లార్క్‌స్పర్ అనే ఊరి నుంచి ఉంది.

మొన్న ఆదివారం సరిగ్గా ఈ డిమాండ్లన్నీ గట్టిగా మనసులో అనుకుంటూ బయలుదేరాను. రిజర్వేషన్ చేశాను. తెలివిగలవాణ్ణి కాబట్టి స్క్రీన్‌షాట్ మాత్రం తియ్యలేదు. లోయలో ఫోన్‌కి సిగ్నల్ రాదని వాళ్లు ముందే రాస్తారు, మనం చదవం. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని మామయ్యగారు చూస్తుండగా కారు వెనక్కి తిప్పి, సిగ్నల్ కోసం కొండెక్కి, మళ్లీ దిగొచ్చాను. అందులో ముప్పావుగంట పోయింది. ఆ ముప్పావుగంటలో ఎంత టైరు అరిగిందో ఆ కోహోలకే తెలియాలి.

లోపలికెళ్లాక నేను చెట్టుకొకటి చొప్పున ఫొటోలు తీస్తుంటే మామయ్యగారు వాగు మీది చెక్కవంతెన దగ్గర ఆగిపోయారు. కొత్తగా పడేసిన దుంగ వెనక చిన్న మడుగు. అందులో వేలెడంత చేపపిల్ల ఒకటి. ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, తోక మాత్రం ఆడిస్తూ, ఉన్నచోటే ఉంది.

"కదలటం లేదండీ," అన్నారు ఆయన గుసగుసగా.

"ఎంతసేపటి నుంచీ?"

"నేను చూసినప్పటి నుంచీ అక్కడే."

"రిజర్వేషన్ ఉందేమో అడగండి," అన్నాను. ఆయన చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నారు, అది బెదురుతుందట.