లక్ష పిల్లలు సరే, తల్లులెన్ని?

పోయిన వానాకాలం మా రేవులో చేపపిల్లలు వదులుతున్నారంటే నేనూ మా మామయ్యా వెళ్లాం. షామియానా, ఫ్లెక్సీ, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు, ఫొటో కోసం ఒకే సంచిని నలుగురు పట్టుకోవడం, అన్నీ మామూలే. మైకులో లక్ష పిల్లలు అనగానే చప్పట్లు. మామయ్య మాత్రం నా చెవిలో "లక్ష సరేరా, తల్లులెన్ని?" అన్నాడు.

అప్పుడు నవ్వేశాను. కానీ శీలావతి కిలో బరువుకి రెండు మూడు లక్షల గుడ్లు పెడుతుంది, అంటే ఆ లక్షా ఒక్క తల్లి కడుపున పుట్టినవే అయ్యుండొచ్చు. చూడ్డానికి లక్ష చేపలు, వంశం మాత్రం ఒక్కటే.

మామయ్యకి ఈ ప్రశ్న ఊరికే రాలేదు. వైట్ స్పాట్ అనే తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య ముంచేశాక మా వైపు చాలామంది స్కాంపీకి, అంటే నీలకంఠ రొయ్యకి మళ్లారు, ఆయనా మళ్లాడు. మొదట్లో బాగానే పెరిగింది. ఈ రొయ్య బతికేది మంచినీటిలో, పిల్లలు పొదగడానికి మాత్రం ఉప్పు కలిసిన నీరు కావాలి కాబట్టి గుడ్ల తల్లి ఏరు దిగి సముద్రపు మొగ వైపు వస్తుంది. గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే హేచరీల వాళ్లకి అక్కడ పట్టి తేవడం ఖర్చు, శ్రమ. అంతకంటే చెరువు పట్టుబడిలో దొరికే గుడ్ల రొయ్యల్ని పట్టుకెళ్లడం తేలిక. ఒకసారి గట్టు మీద రొయ్యల్ని సైజుల వారీగా వేరు చేస్తుంటే హేచరీ కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. పొట్ట కింద గుడ్లు నారింజ రంగులో ఉంటే వదిలేస్తున్నాడు, బూడిద రంగుకి తిరిగినవి ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయని బకెట్లో వేసుకుంటున్నాడు. వాటిలో వేలంత లేని ఆడ రొయ్యలు కూడా ఉన్నాయి. "ఇదేంట్రా, పిల్లకే పిల్లలా?" అన్నాడు మామయ్య. తొందరగా ఈడొచ్చి ఎదుగుదల ఆగిపోయిన రొయ్యే మళ్లీ తల్లి అయింది, దాని పిల్లలే మళ్లీ ఏ చెరువులోకో వచ్చాయి. ఏటేటా అదే వరస. చెరువులో సగం రొయ్యలు సైజుకి రాని రోజులొచ్చాయి. రోగాలూ ధరలూ కూడా కారణమే, కాదనను, కానీ విత్తనంలో బలం పోయిందని రైతులు అన్నమాటా తప్పు కాదు. దేశం మొత్తం మీదే 2005 తర్వాత స్కాంపి దిగుబడి పడిపోయింది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ సీఫా 2007 నుంచి గుజరాత్, కేరళ, ఒడిశా రొయ్యల్ని ఒకచోట చేర్చి కొత్తగా మేలు జాతి తయారుచేయాల్సి వచ్చింది.

మనకి మేనరికాలు తెలుసు కదా. మేనత్త మేనమామ బిడ్డలకి పుట్టే సంతానంలో, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రెండు కాపీలుగా చేరే అవకాశం ప్రతి జన్యువు దగ్గరా 16లో 1 వంతు. సొంత అన్నాచెల్లెళ్లు కలిస్తే అది 4లో 1 వంతు. దాగున్న లోపాలు బయటపడేది అలా రెండు కాపీలు చేరినప్పుడే. తొట్టెలో వేసిన చేపకి వరసలు తెలియవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. హేచరీలో 100 చేపలున్నాయని గొప్పగా చెప్తారు, అందులో మగవి 5, ఆడవి 95 అనుకోండి. పుట్టే ప్రతి పిల్లకీ సగం జన్యువులు ఆ ఐదింటి నుంచే రావాలి కాబట్టి లెక్క కడితే ఆ 100 నిజానికి 19తో సమానం. జన్యుశాస్త్రంలో దీన్ని ప్రభావక సంఖ్య అంటారు. పేరు బరువుగా ఉంది గానీ మామయ్య అడిగింది ఇదే.

అసలు చేపలే లేనప్పుడు ఏవో ఒకటి వదిలితే తప్పేంటి అని అడుగుతారు. ఊరి చెరువులోనో రిజర్వాయర్‌లోనో అయితే తప్పేం లేదు, పట్టుకు తినడానికే కదా. నది అలా కాదు, అక్కడ తరతరాలుగా ఆ నీటికి అలవాటుపడ్డ అడవి చేప ఇంకా ఉంది, మనం వదిలింది వెళ్లి దానితో కలుస్తుంది. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని హుడ్ నదిలో స్టీల్‌హెడ్ ట్రౌట్ మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. హేచరీలో గడిపిన ఒక్కో తరానికీ, ఆ చేప తిరిగి నదిలో పిల్లల్ని కనే సామర్థ్యం దాదాపు 40 శాతం పడిపోతోందని తేలింది. తొట్టెలో మేతకి ఎగబడే చేప నెగ్గుతుంది, నదిలో అదే చేప తేలిగ్గా దొరికిపోతుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఇప్పుడు నదుల్లో పిల్లలు వదలడం పెద్ద కార్యక్రమమే అయింది కాబట్టి ఈ సంగతి మనకి అవసరం.

ఇక పులస. దీన్ని కూడా హేచరీలో పుట్టించి వదిలేద్దామనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. సముద్రంలో ఇలస, వరద నీటికి ఎదురీది వచ్చేసరికి పులస, ధవళేశ్వరం దగ్గర దారి బంద్. నీళ్లలోంచి తీయగానే ప్రాణం వదిలే చేప ఇది, కాబట్టి వల దగ్గరే గుడ్లు తీసుకోవాలి, ఒక రాత్రి దొరికే పక్వానికొచ్చిన తల్లులూ తండ్రులూ వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఒక్కో తల్లికి లక్షల్లో గుడ్లు. మైకులో చెప్పుకునే అంకెకి లోటు ఉండదు. అది చాలదన్నట్టు బెంగాల్ ఇలసని తెచ్చి ఇక్కడ పులసని అమ్మడం అలవాటే, రేపు తల్లుల్ని కూడా అక్కడి నుంచే తెస్తే? గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువకి ఇలస దాదాపు ఆగిపోయింది. అక్కడ నదులూ రిజర్వాయర్ల చేపల మీద పరిశోధన చేసే సిఫ్రి సంస్థ శాస్త్రవేత్తలు దిగువన పట్టిన ఇలసల్ని బ్యారేజీ పైన వదులుతున్నారు. నాకు ఈ పద్ధతి మీదే ఎక్కువ నమ్మకం, ఎందుకంటే ఆ తల్లుల్ని ఎంచింది నదే.

కోరింగ మడ అడవిలో చేపలు పట్టి తినే బావురు పిల్లిదీ ఇదే గొడవ, అక్కడా ఎన్ని ఉన్నాయనేదే వార్త. మడకీ మడకీ మధ్య రొయ్యల చెరువులూ రోడ్లూ పెరిగి, ఈడొచ్చిన మగ పిల్లి అవతలికి దాటలేకపోతే సంఖ్య ఎంతున్నా లోపల్లోపలే వరసలు కలుస్తాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో పూమాలు, అంటే చిరుతంత ఉండే అడవి పిల్లులు, పాతికకి అటూఇటుగా మిగిలి, గుండె జబ్బులతో, వంకర తోకలతో పుడుతుంటే 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడ పూమాల్ని తెచ్చి వదిలారు. తర్వాత అవి వంద దాటాయి. మనకి అంత దూరం వెళ్లే అవసరం రాకముందే కాలువ గట్ల వెంట మడ చెట్లు నరకకుండా ఉంచితే చాలు.

చేపల విషయంలో చేయాల్సింది మరీ చవక. పిల్లల్ని వదిలే ముందు ప్రతి తల్లిదీ, ప్రతి తండ్రిదీ రెక్కలో గోరంత ముక్క కత్తిరించి, చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి దాచాలి, చేపకేం కాదు. మూడేళ్ల తర్వాత వలలో పడ్డ చేప రెక్క ముక్కతో జన్యువులు పోల్చి చూస్తే మనం వదిలిన వాటిలో ఏది బతికిందో, అడవి చేపతో ఎంత కలిసిందో తెలిసిపోతుంది. లక్నోలో చేపల జన్యు వనరుల బ్యూరో ఉంది, హైదరాబాద్‌లో జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, పరీక్ష చేయడం తెలిసినవాళ్లు లేక కాదు. ఆ రోజు కార్యక్రమం అయ్యాక సంచులు ఏరుతున్న మనిషిని మామయ్య మళ్లీ కదిపాడు, ఇవి ఏ హేచరీవి, తల్లుల్ని ఏ నది నుంచి తెచ్చారని. ఆయన చేతిలో రిజిస్టర్ తెరిచి చూపించాడు, తేదీ, జాతి, సంఖ్య, సంతకం, నాలుగే గడులు.