175వ సెక్షన్: బెదిరింపుదారుల పెట్టుబడి

మూకీ సినిమాల్లో స్వలింగ ప్రేమ అనగానే 1919 నాటి జర్మన్ చిత్రం ‘ఆండర్స్ ఆల్స్ డీ ఆండెర్న్’ గుర్తుకొస్తుంది. ‘తక్కినవారిలా కాదు’ అని అర్థం. దాని సాహసాన్ని అందరూ మెచ్చుకుంటారు. సాహసం సంగతి సరే, నాకు నచ్చింది అందులోని లెక్క. ఒక చట్టం ఎవరికి గిట్టుబాటు అవుతుందో ఆ సినిమా లెక్కగట్టి చూపింది.

కథానాయకుడు పాల్ పేరున్న వయొలిన్ విద్వాంసుడు. కుర్ట్ అనే యువకుడు అతని దగ్గర శిష్యుడిగా చేరతాడు. మమకారం పెరుగుతుంది. అది ఫ్రాంజ్ బోలెక్ అనే బెదిరింపుదారుడి కంటపడుతుంది. బోలెక్ డబ్బు అడుగుతాడు, పాల్ ఇస్తాడు. ఇచ్చినకొద్దీ మళ్లీ అడుగుతాడు. విసిగిన పాల్ కోర్టుకెక్కితే, బెదిరించి డబ్బు గుంజినందుకు బోలెక్‌కు శిక్ష పడుతుంది. కానీ అదే కోర్టు, మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా చూసే 175వ సెక్షన్ కింద పాల్‌కూ వారం రోజుల జైలు వేస్తుంది. వారమే! దాంతోనే కచేరీలు పోతాయి, పరువు పోతుంది, చివరికి విషం తాగి చనిపోతాడు.

ఈ కథలో పోలీసులు ఎవరి తలుపూ బద్దలు కొట్టరు. 1871 నుంచి శిక్షాస్మృతిలో ఉన్న ఆ సెక్షన్ బోలెక్ లాంటివాళ్లకు అప్పనంగా దొరికిన పెట్టుబడి. అందుకే కాబోలు, రైన్‌హోల్డ్ షూంజెల్ పోషించిన ఆ దుర్మార్గుడి ముందు పాల్‌గా నటించిన కాన్రాడ్ వైట్ కూడా కొన్నిచోట్ల వెలవెలబోతాడు. దర్శకుడు రిచర్డ్ ఓస్వాల్డ్‌తో కలిసి కథ రాసిన డాక్టర్ మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ 1897 నుంచి ఆ సెక్షన్ రద్దు కోసం పోరాడుతున్నవాడు. తెర మీద వైద్యుడిగా కూడా ఆయనే కనిపిస్తాడు. (1931లో ఆయన మన దేశానికీ వచ్చాడు. అప్పుడు ఇక్కడ 377వ సెక్షన్ అమల్లో ఉంది. పరస్పర అంగీకారంతో కలిసిన పెద్దలను అది వదిలింది 2018లోనే.)

1918 నవంబరులో జర్మనీలో వచ్చిన విప్లవ ప్రభుత్వం సెన్సార్‌ను ఎత్తేయడం వల్లే ఈ సినిమా బయటికి రాగలిగింది. 1920లో సెన్సార్ తిరిగొచ్చింది, సినిమా ఆగిపోయింది. వైద్యులూ పరిశోధకులూ మాత్రం చూడవచ్చట! ఎవరి కోసం తీశారో వారికి తప్ప అన్నమాట. 1927లో హిర్ష్‌ఫెల్డ్ తన మరో చిత్రంలో దీన్ని కుదించి చేర్చాడు. ఈనాడు మనకు దొరికేది ప్రధానంగా ఆ ముక్కే. పోయిన భాగాల చోట నిశ్చల చిత్రాలు, వివరణ ఫలకాలు పెట్టి చూపిస్తారు.

నా అభ్యంతరం ఒకటుంది. ఇది ప్రేమకథలా కాక అర్జీలా నడుస్తుంది. న్యాయమూర్తి మనసు కరగాలి కాబట్టి ప్రేమికులు అంటీముట్టనట్టు ఉండాలి, ఒకరు చనిపోవాలి. అంతకు మూడేళ్ల ముందు స్వీడన్‌లో మౌరిట్జ్ స్టిల్లర్ తీసిన ‘వింగర్నే’లోనూ శిష్యుణ్ని ప్రేమించిన శిల్పి చనిపోతాడు. జాలి పుట్టించడానికి శవం కావాలన్న ఆ అలవాటును ఓస్వాల్డ్ కూడా వదల్లేదు.

అయితే పాల్ శవం దగ్గర తానూ చస్తానన్న కుర్ట్‌ను వైద్యుడు ఆపుతాడు. బతికి ఈ చట్టాన్ని మార్చడానికి పనిచేయమంటాడు. చివర్లో ఒక చెయ్యి చట్ట పుస్తకంలోని 175ను కొట్టేస్తుంది. జర్మనీ ఆ సెక్షన్‌ను పూర్తిగా తీసేసింది 1994లో. ఆ మధ్యకాలమంతా కుర్ట్ ఎలా బతికి ఉంటాడు? నాకు చూడాలని ఉన్నది ఆ కథే.