పాబ్రాయ్‌ని కాపీ కొట్టడం ఎవరివల్ల అవుతుంది?

2018 జనవరిలో హైదరాబాద్ కంపెనీ రెయిన్ ఇండస్ట్రీస్ షేరు 450 రూపాయలు దాటింది. ఎగబడి కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ కంపెనీ తయారుచేసే కాల్సిన్డ్ పెట్రోలియం కోక్ (చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్‌ను కాల్చి చేసేది, అల్యూమినియం తయారీకి వాడతారు) అంటే ఏమిటో తెలుసో అనుమానమే. అమెరికాలో పేరుమోసిన భారతీయ సంతతి ఇన్వెస్టర్ మోహ్నీష్ పాబ్రాయ్ కొన్నారన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. తర్వాత ఏమైంది? అదే ఏడాది దిగుమతి పెట్‌కోక్‌పై సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. విశాఖలో ప్లాంటు ఉన్న ఈ కంపెనీకి ముడిసరుకు మీదే దెబ్బ పడింది. 2013లో జర్మనీ రసాయనాల కంపెనీ రుట్గర్స్‌ను కొన్నప్పటి విదేశీ అప్పు అప్పటికే నెత్తిన ఉంది. 2019లో షేరు వంద లోపుకు జారిపోయింది.

పాబ్రాయ్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయన చాలా ముందే, చాలా తక్కువ ధరకు కొన్నారు. ఆయన పేరు చూసి నాలుగు వందలకు కొన్నవారి సంగతే వేరు. ‘కాపీ కొట్టడానికి సిగ్గుపడొద్దు’ అని పదే పదే చెప్పే మనిషినే కాపీ కొట్టి దెబ్బతిన్నారంటే, ఆయన్నుంచి వాళ్లు తీసుకున్నదేమిటో చూడాలి.

పాబ్రాయ్ 1964లో బొంబాయిలో పుట్టారు. తాత దేశమంతా పేరున్న ఇంద్రజాలికుడు గోగియా పాషా. తండ్రి వ్యాపారం మీద వ్యాపారం పెట్టారు, దివాలా మీద దివాలా చూశారు. పాబ్రాయ్ చదువు కోసం అమెరికా వెళ్లి, సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చేసి, టెలికాం పరికరాల కంపెనీ టెల్‌ల్యాబ్స్‌లో ఉద్యోగంలో చేరారు. రిటైర్మెంట్ ఖాతాలోని 30 వేల డాలర్లకు, క్రెడిట్ కార్డుల మీద తెచ్చిన 70 వేల డాలర్ల అప్పు కలిపి ట్రాన్స్‌టెక్ అనే ఐటీ కంపెనీ పెట్టారు. 2000లో దాన్ని అమ్మేశారు.

ఈ కథ చెప్పేటప్పుడు మన దగ్గర అందరూ ‘ఎంత ధైర్యం!’ అంటారు. ఆయన లెక్క మాత్రం ధైర్యానికి సంబంధించింది కాదు. కంపెనీ మునిగితే ఐపీ పెట్టి, మళ్లీ ఉద్యోగంలో చేరిపోవచ్చని ఆయనే చెప్పుకున్నారు. ఆస్తులు లేని కుర్రాడు పోగొట్టుకునేదేముంది? అమెరికా దివాలా చట్టం అతన్ని మళ్లీ మొదటి మెట్టు మీద నిలబెడుతుంది. ‘బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే పెద్దగా నష్టం లేదు’ అన్న ఆయన సూత్రం పుట్టింది ఈ లెక్కలోంచే. ఇదే పని మన ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో చేస్తే, బొరుసు పడ్డప్పుడు పోయేది ఇల్లో, పొలమో.

ఆ సూత్రానికే ఆయన వ్యాపారం అనే అర్థమున్న గుజరాతీ మాట ‘ధంధో’ పేరు పెట్టారు. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి తరిమేసిన భారతీయుల్లో గుజరాతీ పటేళ్లు కొందరు అమెరికా చేరి మోటళ్లు కొన్నారు. కుటుంబమంతా అక్కడే ఉండి, గదులు ఊడ్చుకుంటూ, జీతగాళ్ల ఖర్చు మిగుల్చుకుని, పోటీవాళ్లకంటే తక్కువ అద్దెకు గదులిచ్చారు. వివరణ బాగుంది. కానీ మునిగిపోయిన మోటళ్ల కథ ఎవరూ చెప్పరు గదా. ఇది ధంధో వాదంలోని బలహీనత అని నా అభిప్రాయం.

పెట్టుబడుల్లోకి ఆయన వచ్చింది 1994లో హీత్రో విమానాశ్రయంలో కొన్న ఒక పుస్తకంతో. దాని ద్వారానే వారెన్ బఫెట్ గురించి తెలిసింది. 1999లో ఇతరుల డబ్బును పెట్టుబడి పెట్టే పాబ్రాయ్ ఫండ్స్ పెట్టినప్పుడు బఫెట్ పాత భాగస్వామ్య సంస్థల ఫీజు పద్ధతిని ఉన్నదున్నట్టు దించేశారు. నిర్వహణ రుసుము సున్నా. ఏటా 6 శాతం దాటి వచ్చిన లాభంలో మాత్రమే నాలుగో వంతు ఆయనది. లాభం రాకపోయినా ఏటా 2 శాతం గుంజుకునే హెడ్జ్ ఫండ్ల (సంపన్నుల డబ్బును నడిపే ఫండ్ల) మధ్య ఇది నిజంగా అరుదైన పని. 2008 సంక్షోభంలో ఫండ్లు సగానికి పైగా పడిపోయాయి. ఫండ్ విలువ మళ్లీ పాత గరిష్ఠాన్ని దాటేదాకా ఆయనకు కొత్త ఫీజు లేదు. ఆ దెబ్బ తర్వాతే ఒక్కో షేరులో పదో వంతు పెట్టే అలవాటు తగ్గించుకుని, ఇతర ఇన్వెస్టర్ల పొరపాట్లను తవ్వి ప్రశ్నల చెక్‌లిస్టు తయారుచేసుకున్నారు. 2007లో మరో ఇన్వెస్టర్ గై స్పియర్‌తో కలిసి 6,50,100 డాలర్లకు బఫెట్‌తో భోజనం వేలంలో గెలుచుకున్న సంగతే ఎక్కువ ప్రచారమైంది. నా దృష్టిలో ఫీజు పద్ధతి ముందు ఆ భోజనం చాలా చిన్న విషయం.

పేద నవోదయ విద్యార్థులకు ఐఐటీ కోచింగ్ ఇచ్చే ఆయన దక్షణ ఫౌండేషన్ కూడా పట్నా ఆనంద్ కుమార్ సూపర్ 30కి నకలే. ఆ మాట దాచుకోరు.

సత్యం కంప్యూటర్స్ షేర్లు ఆయన 1990ల మధ్యలో కొని, 2000 డాట్‌కామ్ ఉన్మాదంలో వంద రెట్లకు పైగా లాభానికి అమ్మేశారు. తొమ్మిదేళ్ల తర్వాత రామలింగరాజు లేఖతో ఆ కంపెనీ కుప్పకూలింది. మోసాన్ని పసిగట్టి అమ్మలేదు, ధర వెర్రిగా పెరిగింది కాబట్టి అమ్మారు. ఆ అమ్మకాన్ని ఆ రోజున కాపీ కొట్టగలిగిన చిన్న ఇన్వెస్టర్ ఎవరు?

అసలు మనకు కనిపించేదే తక్కువ. అమెరికాలో ఫండ్లు మూడు నెలలకోసారి షేర్ల జాబితా ఇస్తాయి, అదీ త్రైమాసికం ముగిశాక 45 రోజుల గడువుతో. మన దగ్గర ఒక శాతం దాటిన వాటాదారుల పేర్లే బయటకొస్తాయి. ఆయన ఎందుకు కొన్నారో, మొత్తం సొమ్ములో అది ఎన్నో వంతో, ఏ ధరకు వదిలేస్తారో ఆ జాబితాలో ఉండదు. టర్కీలో రేసాస్ అనే గోదాముల కంపెనీలో ఆయన దాదాపు మూడో వంతు వాటా కొన్నారు. తన గొప్ప పెట్టుబడుల్లో ఒకటిగా చెప్పుకునే ఆ షేరు, ఆయన్ని అనుకరించేవాళ్లు తిరగేసే, అమెరికా మార్కెట్ షేర్లే ఉండే ఆ జాబితాలో ఎక్కడా లేదు.