పెన్సిల్వేనియా అనే పశ్చిమ గోదావరి జిల్లా

అమెరికా అధ్యక్ష ఎన్నికలొస్తే మన టీవీ చానళ్లకు నిద్రాహారాలు అక్కర్లేదు, ఎడ్జ్ ఉంటే చాలు. పొద్దున 'హారిస్‌కు స్వల్ప ఎడ్జ్'. భోజనాల వేళకి 'పుంజుకున్న ట్రంప్'. రాత్రి తొమ్మిదింటి చర్చకు 'ఎడ్జ్ ఎవరికి?' అని ఎర్ర పట్టీ, దాని పైన నలుగురు పెద్దమనుషులు. చీర కొనేటప్పుడు అంచులో జరీ అసలుదో కాదో గోటితో గీకి చూస్తాం. ఈ అంచును మాత్రం ఎవరూ ముట్టుకుని చూడరు.

ముట్టుకుంటే తేలేది ఇదీ. వెయ్యి మందిని అడిగిన సర్వేలో ఒక్కో అభ్యర్థి అంకె అటూ ఇటూ 3 శాతం దాకా తప్పొచ్చు. ఇద్దరి మధ్య తేడాకొచ్చేసరికి అది దాదాపు రెట్టింపై 6 శాతమవుతుంది. కాబట్టి 48, 47 అని వస్తే 'ఒక శాతం ఎడ్జ్' కాదు, 'మాకు తెలియలేదు' అని చదువుకోవాలి. లారీలు తూచే వేబ్రిడ్జి మీద తులం బంగారం పెట్టి, ముల్లు కదిలిందని స్వీట్లు పంచడమే ఇది. అంకె 1 శాతానికి మించి తప్పకూడదంటే సుమారు 9,600 మందిని అడగాలి. అడిగినా, ఫోనెత్తేవాళ్లు ఒక రకం, ఎత్తనివాళ్లు ఇంకో రకం అయితే ఆ 9,600 మందీ కలిసి ఒకే తప్పు చెబుతారు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని అచ్చేసింది. 48 రాష్ట్రాల్లో లాండన్ గెలిచినవి రెండు.

ఇదంతా చెప్పే ఓపిక స్టూడియోలకు లేదు. వాళ్ల దగ్గర టచ్ స్క్రీన్ ఉంది మరి.

ఆ టచ్ స్క్రీన్ ముందు యాంకర్ నిలబడే తీరు చూడాలి. ముందు అలాస్కా నొక్కుతాడు, పెద్దది కాబట్టి. అది ట్రంప్ పార్టీ రంగు ఎరుపెక్కగానే 'ట్రంప్ ప్రభంజనం' అంటాడు. అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాల వారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లు; దాదాపు ప్రతిచోటా రాష్ట్రం గెలిచినవాడికే అక్కడివన్నీ, 270 వస్తే గెలుపు. అలాస్కాకు ఉన్నవి 3. వాషింగ్టన్ డీసీకీ మూడే, కానీ అది మ్యాప్‌లో ఆవగింజంత ఉంటుంది కాబట్టి డెమొక్రాట్లు చితికిపోయినట్టు లెక్క. తరవాత రోడ్ ఐలాండ్ నొక్కబోతాడు. వేలు లావు, రాష్ట్రం సన్నం. పక్కనున్న కనెక్టికట్ కూడా రంగు మారుతుంది. సరిచేద్దామని మళ్లీ నొక్కితే మసాచుసెట్స్ పోతుంది. ఒక్క చూపుడువేలితో డెమొక్రాట్ల కంచుకోటలు మూడు కూలాక, యాంకర్ చెమట తుడుచుకుని సీనియర్ విశ్లేషకుడి వైపు తిరుగుతాడు.

ఆయన గొంతు సవరించుకుంటాడు. "పెన్సిల్వేనియా అంటే మన పశ్చిమ గోదావరి అండీ. ఆ జిల్లా ఎవరిదైతే ప్రభుత్వం వాళ్లదే."

"మరి మిషిగన్?"

"తూర్పు గోదావరి."

"విస్కాన్సిన్?"

కాసేపు నిశ్శబ్దం. "కృష్ణా డెల్టా అనుకోండి."

అరిజోనా రాయలసీమేనని మూడో ఆయన పట్టుబడతాడు, ఎండలున్నాయి కదా అని. నాలుగో ఆయనకు అసలు సందేహం ఇప్పుడొస్తుంది: "అక్కడ సామాజిక వర్గాల లెక్కేంటి?" పెన్సిల్వేనియాలో ఆమిష్‌లని ఉన్నారు, గుర్రబ్బండ్ల మీద తిరుగుతారు, వ్యవసాయం చేస్తారు అని యాంకర్ చదువుతాడు. వీళ్లు బీసీ ఏనా, బీసీ డీనా అని తేలకముందే బ్రేక్.

ఇంకా విషాదం ఏమిటంటే, ఆ గోదావరి మాట పొరపాటున సగం నిజం. 1992 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడూ ఒకే వైపు మొగ్గాయి. ఒకచోట సర్వే ఎటు తప్పితే మిగతా రెండు చోట్లా అటే తప్పే ప్రమాదం ఉంది. 2016లో జరిగింది అదే. హిల్లరీ వైపు ఎక్కువగా మొగ్గిన డిగ్రీ చదివినవాళ్లే సర్వేలకు ఎక్కువగా జవాబులిచ్చారు, చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి లెక్క సవరించుకోలేదు. మూడు రాష్ట్రాల్లో కలిపి 78 వేల ఓట్ల లోపు తేడాతో ట్రంప్ గెలిచాడు. దేశం మొత్తం మీద హిల్లరీకి 28 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆ 28 లక్షల ఎడ్జ్‌ను ఆవిడ ఏం చేసుకోవాలి, ఉప్పులో వేసి ఊరబెట్టుకోవాలా?

2020లో బైడెన్‌కు 70 లక్షలు ఎక్కువ. అయినా అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి 43 వేల లోపు ఆధిక్యం ఆయనకు లేకపోయుంటే 269-269తో సమానమయ్యేది. అప్పుడు ప్రతినిధుల సభ తేల్చాలి, అదీ రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున. కాలిఫోర్నియాకు ఒకటి, వ్యోమింగ్‌కూ ఒకటి, 26 వస్తే అధ్యక్షుడు.

బయటివాడు లెక్క వేయాలంటే టచ్ స్క్రీన్ అక్కర్లేదు, అగ్గిపెట్టె వెనక చోటు చాలు. 2024నే తీసుకోండి. పోటాపోటీ రాష్ట్రాలు ఏడు: పెన్సిల్వేనియా 19, జార్జియా 16, నార్త్ కరోలినా 16, మిషిగన్ 15, అరిజోనా 11, విస్కాన్సిన్ 10, నెవాడా 6. మొత్తం 93. అవి తీసేస్తే హారిస్‌కు 226, ట్రంప్‌కు 219. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ మూడూ గెలిస్తే హారిస్‌కు సరిగ్గా 270. ఒక్కటి జారినా ఎండలున్న రాష్ట్రాల్లో వెతుక్కోవాలి. ఏడూ ట్రంప్‌కే పోయాయి, 312.

ఇక అవకాశం శాతాన్ని ఓట్ల శాతంగా చదివే ఘనులున్నారు. 2016లో ఎన్నికల అంచనాలు వేసే ఫైవ్‌థర్టీఎయిట్ వెబ్‌సైట్ ట్రంప్ గెలుపు అవకాశం 29 శాతం దగ్గర చెప్పింది. రెండు రూపాయి బిళ్లలు ఎగరేస్తే రెండూ బొమ్మ పడటం కన్నా ఎక్కువ అది. మనవాళ్లకు 29 అంటే డిపాజిట్ గల్లంతు. 2024లో ఆ వెబ్‌సైట్ పెట్టిన నేట్ సిల్వర్ 80,000 సార్లు కంప్యూటర్‌లో ఎన్నిక జరిపిస్తే హారిస్ 40,012 సార్లు గెలిచింది. ఆ 12ను కూడా ఎడ్జ్ అనగల సమర్థులకు మన దగ్గర కొదవ లేదు.

ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ శామ్ వాంగ్ 2016లో హిల్లరీకి 99 శాతం ఇచ్చాడు. ట్రంప్‌కు ఎలక్టోరల్ ఓట్లు 240 దాటితే పురుగు తింటానన్నాడు. దాటాయి. సీఎన్ఎన్‌లో అందరూ చూస్తుండగా కీచురాయిని తేనెలో వేసుకుని తిన్నాడు. మన ఆంధ్రా ఆక్టోపస్ లగడపాటి రాజగోపాల్ కూడా 2019లో తెలుగుదేశానికి వంద సీట్లు అటూ ఇటూ అన్నాడు, 23 వచ్చాక ఇక సర్వేలు చేయనని పక్కకు తప్పుకున్నాడు. స్టూడియోలో నలుగురు పెద్దమనుషులు మాత్రం ఏమీ తినరు, ఎక్కడికీ పోరు. మర్నాడు అదే కుర్చీలో 'నేను ముందే చెప్పాను' అంటారు.

ఫలితాల పొద్దున మన టైము అయిదున్నరకి జార్జియాలో పోలింగ్ ముగుస్తుంది. ఆరున్నరకల్లా ఇక్కడ 'తొలి రౌండ్‌లో ఆధిక్యం'. అయ్యా, అక్కడ రౌండ్లు లేవు. ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) ముందు లెక్కపెడితే దాని అంకె ముందొస్తుంది. పోస్టులో వచ్చిన ఓట్లను పోలింగ్ రోజు పొద్దుటి దాకా విప్పకూడదని పెన్సిల్వేనియా చట్టం. 2020లో మంగళవారం పోలింగైతే శనివారానికి గానీ తేలలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వు రానిది 'మనవాళ్ల ఓట్లే కీలకం' అన్నప్పుడు. హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్లకు ఓటు లేదు. గ్రీన్‌కార్డున్నా లేదు. పౌరసత్వం వచ్చినవాళ్లలో డాలస్, న్యూజెర్సీల్లో ఉన్నవాళ్ల రాష్ట్రాలు ఎటో ముందే తెలుసు. అట్లాంటా శివార్లలోనో, నార్త్ కరోలినాలోని కేరీలోనో ఉన్నవాళ్ల గురించి మాట్లాడితే అర్థముంది. మాట్లాడరు. వాళ్లకు కావాల్సింది 'తెలుగింటి అల్లుడు'. ట్రంప్‌తో ఉపాధ్యక్ష పదవికి నిలబడిన జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ మూలాలు తణుకు దగ్గర వడ్లూరులో ఉన్నాయని తెలిసిన రోజు నుంచి వియ్యాలవారి హడావుడే.

కరీంనగర్‌లో ప్లాట్ అమ్మి కొడుకును ఎంఎస్‌కు పంపిన తండ్రి ఆ పొద్దున టీవీ ముందు ఎందుకు కూర్చున్నాడో మీకు తెలుసా? అల్లుడి కోసం కాదు. చదువయ్యాక అక్కడ పని చేసుకునే ఓపీటీ అనుమతి ఏడాది, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి) చదివితే ఇంకో రెండేళ్లు, ఆ పైన 65,000 ప్లస్ 20,000 హెచ్1బీ వీసాల లాటరీ. వీటిలో ఏది ఎవరొస్తే ఉంటుంది, ఏది పోతుంది, అది చెప్పండ్రా బాబూ అని కూర్చున్నాడు. రెండు నెలలు రోజుకు మూడు గంటలు ఎడ్జ్ నమిలిన నోళ్లు ఆ ఒక్క మాట చెప్పలేదు. చెప్పాలంటే చదవాలి కదా! 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లని ట్రంప్ సంతకం పెట్టాడు. అది పాతవాళ్లకు వర్తించదని స్పష్టత వచ్చేలోపు, సెలవుకు ఇంటికొచ్చిన పిల్లలు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. ఆ రాత్రి అల్లుడి ఎడ్జ్ ఎవరి కంచంలో పడింది?

వచ్చే పోలింగ్ 2028 నవంబర్ 7, మంగళవారం. సీనియర్ విశ్లేషకుడికి మాత్రం ఇప్పుడే అంతా తేలిపోయింది. వడ్లూరు ఏ జిల్లా? పశ్చిమ గోదావరి. ఆ జిల్లా ఎవరిదైతే... మిగతాది బ్రేక్ తరవాత.