ఆ కొండకు పసుపు ఎవరు రాశారు?

రాష్ట్రంలో ఇన్ని సమస్యలుండగా ఒక వీడియో గేమ్‌లోని నిబెల్ కొండ మీది పసుపు రంగు గురించి రాయడమేమిటని పెద్దలు కోప్పడవచ్చు. కోప్పడనివ్వండి. రోడ్ల గుంతల గురించి రాసేవాళ్ళు హైదరాబాద్‌లో గల్లీకొకరున్నారు. ఈ పసుపును పట్టించుకునే నాథుడే లేడు.

తెలియనివాళ్ళకు క్లుప్తంగా చెబుతాను. ఫైనల్ ఫాంటసీ 7 అనే ఆట 1997లో ప్లేస్టేషన్ మీద మూడు సీడీల్లో వచ్చింది. షిన్రా అనే కంపెనీ భూమి ప్రాణాన్ని తోడి కరెంటుగా అమ్ముకుంటుంటే, మనిషంత కత్తి మోసుకుని తిరిగే క్లౌడ్, అతని స్నేహితులూ ఎదురు తిరుగుతారు. ఇప్పుడు దాన్నే మూడు ముక్కలుగా కోసి, మూడు ఆటలుగా అమ్ముతున్నారు. పాత ఆటలో కొన్ని గంటల్లో దాటేసే మిడ్‌గార్ నగరమే 2020లో ఒక పూర్తి ఆటై కూర్చుంది. రెండో ముక్క, రీబర్త్, 2024 ఫిబ్రవరి 29న వచ్చింది. దాదాపు 150 జీబీ. కంపెనీల అత్యాశ మీద కథ అల్లినవాళ్ళకు వ్యాపారం మనం నేర్పక్కర్లేదు. సరే, అదంతా క్షమించాను. పసుపును మాత్రం క్షమించలేను.

రీబర్త్ మొదట్లోనే నిబెల్ కొండ ఎక్కాలి. దారి పొడవునా రాక్షసులు, నమ్మరాని వంతెన. దారి తెలియనివాడు అటు వెళ్ళలేడు కాబట్టే టిఫా అనే పదిహేనేళ్ళ పిల్లను గైడుగా పెట్టుకుంటారు. తీరా అక్కడికెళ్ళి చూస్తే, చెయ్యి వెయ్యాల్సిన రాయి రాయికీ పసుపు! శ్రావణ శుక్రవారం గడపకు రాసినట్టు నిండుగా రాసిపెట్టారు. దారంతా రాసే ఉంటే ఇక గైడెందుకండీ? పాపం ఆ పిల్ల పొట్ట కొట్టిందెవరు?

ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. బాగా ఆలోచించగా ఒక కాంట్రాక్టర్ గారు ఉండి తీరాలని తేలింది. క్లౌడ్ కన్నా ఒక రోజు ముందు ఆయన ఇంట్లోంచి బయల్దేరతారు. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు, మెడలో తువ్వాలు. డ్రాగన్ అడ్డంగా పడుకుని ఉంటే, "జర జరుగన్నా, గీ రాయొక్కటైతే బిల్లు పెట్టుకుంట" అంటారు. డ్రాగన్ జరుగుతుంది. పెండింగ్ బిల్లంటే దానికీ జాలే. చెక్ చెయ్యాల్సిన ఏఈ గారు కొండ కిందే ఆగిపోయి, "నాకు మోకాళ్ళ నొప్పి, ఫొటో తీసి వాట్సాప్ చెయ్" అంటారు. రెండో కోటు రాయకుండానే రాసినట్టు లెక్కల్లో పడిపోతుంది. ఆటలో విలన్ సెఫిరోత్ ఊరు తగలబెట్టాడని అందరూ అతన్ని చూసి వణుకుతారు గానీ, ఆ లోకంలో అసలు వీరుడు ఈయనే. మనిషి అడుగు పడని చోటల్లా ఆయన ముందే అడుగుపెట్టాడు, డబ్బాతో సహా.

ఇంతటి మహానుభావుణ్ణి ఒక్క వానాకాలానికి మాకు డిప్యుటేషన్ మీద పంపాలని మనవి. అమీర్‌పేటలో నీళ్ళు నిలిచినప్పుడు మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అక్కడ చుక్క పసుపు ఉండదు. ఆటలో కిందపడితే పోయేదేమీ లేదు, అక్కడ మాత్రం బిందెలకొద్దీ రాశారు.

ఆ పసుపు చాలదన్నట్టు చాడ్లీ అనే కుర్రాడొకడు. టవర్ ఎక్కితే చాలు, లైన్లోకొచ్చి మన కళ్ళ ముందున్నదేమిటో మనకే వివరిస్తాడు.

పాత ఆటలో మాత్రం దారి చూపలేదా అని కొందరు అడుగుతారు. చూపారు. సెలెక్ట్ బటన్ నొక్కితే బయటికెళ్ళే చోట, నిచ్చెనల దగ్గర చిన్న బాణాలు కనబడేవి. కానీ నొక్కినవాడికే. దిల్‌సుఖ్‌నగర్‌లో గంటల లెక్కన ఆడించే షట్టర్ కొట్లో మాలో సగం మంది తెలుగు మీడియం. ఆటలో మాటలు వినబడవు, అంతా ఇంగ్లీషు అక్షరాలే. పదిహేను బ్లాకుల మెమరీ కార్డు మీద వీధి మొత్తం బతకాలి. అర్థమైనంత అర్థం చేసుకున్నాం, తోచిన దారిన పోయాం, గంట డబ్బులు కరిగిపోతుంటే తిట్టుకుంటూ వెనక్కొచ్చాం. దారి తప్పినందుకు మాలో ఎవడూ చావలేదు.

చచ్చిపోయింది క్లౌడ్ స్నేహితురాలు ఏరిస్. ఇప్పుడు ఏరిత్ అంటున్నారు, ఏదైతేనేం. మొదటి సీడీ చివర్లో ఆమె ప్రార్థన చేసుకుంటుంటే సెఫిరోత్ పైనుంచి దిగి కత్తి దించుతాడు. ఆ వెంటనే జెనోవా అనే రాక్షసితో పోరు మొదలవుతుంది గానీ పోరు సంగీతం మొదలవదు, ఆమె పాటే నడుస్తుంటుంది. తర్వాత క్లౌడ్ ఆమెను చేతుల మీద మోసుకెళ్ళి నీళ్ళలో వదులుతాడు. అంతే. ఆమెకు పెట్టిన మెటీరియా, అంటే మంత్రాల రాళ్ళు, మన సంచిలోకి తిరిగొస్తుంది, ఆమె రాదు. రోజుల తరబడి పెంచిన లెవెళ్ళు, కష్టపడి సంపాదించిన గ్రేట్ గాస్పెల్ అనే ఆమె ఆఖరి విద్య, అన్నీ పోయాయి. "బతికించే ట్రిక్కుందంట, అమెరికాలో మా బావ చేసిండంట" అని చెప్పినవాడి చుట్టూ వారాల తరబడి తిరిగాం. ట్రిక్కు లేదు. పన్నెండేళ్ళ పిల్లలకు ఆ మాట మొహం మీద చెప్పారు. మేం తట్టుకున్నాం.

మరి రీబర్త్‌లో ఏం చేశారు? క్లౌడ్ కత్తి అడ్డం పెట్టినట్టే ఉంటుంది, పెట్టనట్టూ ఉంటుంది. రక్తం ఒక క్షణం కనబడుతుంది, ఇంకో క్షణం మాయం. అందరూ కుమిలిపోతుంటే క్లౌడ్ ఒక్కడూ ఆమెతో మాట్లాడుతుంటాడు. నీళ్ళలో వదిలే సీను అసలే ఎత్తేశారు. ఇదేం పద్ధతండీ? మీసాలు నెరిసి, ఈఎంఐలు కట్టుకుంటూ, ఈపాటికి సొంతవాళ్ళను శ్మశానానికి మోసినవాళ్ళం మేము. చావంటే ఏమిటో మాకు దాచిపెట్టి చెప్పాలా? ఎక్కడ చెయ్యి వెయ్యాలో రాయి రాయికీ రంగు పూసి చెప్పినవాళ్ళకు, ఒక ఆడపిల్ల పోయిందని చెప్పడానికి నోరెందుకు రాలేదు? అక్కడ అంత స్పష్టత, ఇక్కడ ఇంత నాన్చుడా? సిగ్గుండాలి.

ఆ సీను మూడో ముక్కలో ఉంటుందిలే అని మొన్న ఒక తమ్ముడు ఓదార్చాడు. అంటే ఏమిటి, అంత్యక్రియలకు ప్రీ-ఆర్డర్ పెట్టమంటారా?